పిట్‌బుల్‌కి చెడ్డపేరు ఎందుకు?

2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. పిట్‌బుల్, రాట్‌వీలర్, మాస్టిఫ్‌ల వంటి 23 జాతుల కుక్కల పెంపకం, అమ్మకం ఆపించమని దాని సారాంశం. సంబంధిత వర్గాలను సంప్రదించలేదంటూ ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది.

కోర్టు సంగతి సరే, కరిచే గుణం జాతితో వస్తుందా? అమెరికా పరిశోధకులు 18 వేలకు పైగా కుక్కల వివరాలు యజమానుల నుంచి సేకరించి, 2022లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రకటించారు. కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనట. 2008లో వచ్చిన మరో అధ్యయనంలోనైతే, మనుషుల మీదికి ఎగబడేవాటిలో డాక్స్‌హుండ్, చివావాలు ముందున్నాయి. ఒళ్ళో పెట్టుకుని ముద్దుచేసే బాపతు! అవి పన్ను దించినా పేపర్లకు ఎక్కదు మరి.

అలాగని పెద్దకుక్కను తేలిగ్గా తీసుకోలేం. దాని బలం దానిది, గాయం లోతుగా దిగుతుంది. పిట్‌బుల్ దవడకు తాళం పడుతుందన్నది మాత్రం వట్టి కట్టుకథ, అలాంటి ఏర్పాటేదీ దాని ఎముకల్లో లేదు.

మరి జాతి వల్ల కాకపోతే కుక్క ఎందుకు కరుస్తుంది? పెంపకం చూడాలి. పుట్టిన మూడో వారం నుంచి మూడు నెలల దాకా మనుషుల్ని చూడకుండా పెరిగిన కూన తర్వాత కొత్తవాళ్ళకు బెదురుతుంది. ఆ బెదురే చాలాసార్లు కాటవుతుంది. పగలంతా గొలుసుకు కట్టేస్తే, కొడితే అది ఇంకా ముదురుతుంది.

ఏ జాతి కుక్క కరిచినా, గీత పడినా, పదిహేను నిమిషాలు సబ్బునీళ్ళతో ధారగా కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా వేయించుకోండి.