పారాసిటమాల్ బిళ్లలో ఒక నైట్రోజన్: షార్ట్‌కట్ చేతులెత్తేసే చోటు

పేపరు, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఈరోజు పారాసిటమాల్ గీద్దాం. జ్వరమొస్తే వేసుకుంటాం కదా, అదే. ఆ ఒక్క అణువు చాలు, హైబ్రిడైజేషన్ మొత్తం అర్థం చేసుకోవడానికి.

ముందు అందరికీ తెలిసిన షార్ట్‌కట్ చెప్పేస్తాను. ఒక పరమాణువు చుట్టూ ఎన్ని సిగ్మా బంధాలు, ఎన్ని ఒంటరి జంటలు ఉన్నాయో లెక్కపెట్టి కలపండి. నాలుగొస్తే ఎస్‌పీ3, మూడొస్తే ఎస్‌పీ2, రెండొస్తే ఎస్‌పీ. డబుల్ బాండ్‌లో ఒకటి సిగ్మా, ఇంకొకటి పై. ఆ పై బంధాన్ని లెక్కలో వేయకూడదు. అంతే.

ఎందుకిలా? ఎలక్ట్రాన్ జంటలకు ఒకదానికొకటి పడదు. వీలైనంత దూరంగా సర్దుకుంటాయి. నాలుగుంటే చతుర్ముఖి, 109.5 డిగ్రీలు. మూడుంటే ఒకే తలంలో 120. రెండుంటే నిటారు గీత, 180. వెల్డింగ్‌కి వాడే ఎసిటిలీన్ గ్యాస్ అలాంటిదే. ఒక తిరకాసు మాత్రం గుర్తుంచుకోండి: ఆకారానికి పేరు పెట్టేటప్పుడు పరమాణువులనే చూస్తాం, ఒంటరి జంటను చూడం. అందుకే అమ్మోనియాకి లెక్క నాలుగైనా ఆకారం పిరమిడ్, కోణం 107.

ఇప్పుడు గీయండి. ఒక బెంజీన్ రింగ్. ఒక మూలకి ఓహెచ్. సరిగ్గా ఎదురు మూలకి ఎన్‌హెచ్. ఆ నైట్రోజన్‌కి ఒక కార్బన్, దానికి డబుల్ బాండ్‌తో ఆక్సిజన్. ఆ కార్బన్‌కే చివర్లో ఒక సీహెచ్3.

కార్బన్లు ఎనిమిది. రింగ్‌లో ఆరు, అన్నీ ఎస్‌పీ2. ఆక్సిజన్‌తో డబుల్ బాండ్ ఉన్నది, అదీ ఎస్‌పీ2. చివరి సీహెచ్3 ఎస్‌పీ3. కార్బన్లతో పేచీ లేదు.

పేచీ అంతా నైట్రోజన్ దగ్గర. లెక్కపెట్టండి. రింగ్ వైపు ఒకటి, హైడ్రోజన్‌తో ఒకటి, అటు కార్బన్‌తో ఒకటి, మూడు సిగ్మాలు. ఒక ఒంటరి జంట. మొత్తం నాలుగు. అంటే ఎస్‌పీ3, అమ్మోనియాలాగా పిరమిడ్. షార్ట్‌కట్ ఇదే చెప్తుంది. కానీ ఎక్స్-రేతో స్ఫటికంలో చూస్తే ఆ నైట్రోజన్, దాని మూడు బంధాలు దాదాపు ఒకే తలంలో, చదునుగా ఉన్నాయి!

కారణం పక్కింట్లో ఉంది. పక్కనే కార్బన్-ఆక్సిజన్ డబుల్ బాండ్. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే రకం. నైట్రోజన్ జంట అటు పంచుకోగలిగితే అణువు మొత్తానికి శక్తి తగ్గుతుంది, స్థిరత్వం పెరుగుతుంది. అయితే పంచుకోవాలంటే ఆ జంట పక్క కార్బన్ పీ ఆర్బిటాల్‌కి సమాంతరంగా నిలబడాలి. ఎస్‌పీ3లో వాలుగా ఉంటే సరిగ్గా కలవదు. అందుకని జంట పీ ఆర్బిటాల్‌లోకి వెళ్తుంది, మిగతా మూడు బంధాలు ఎస్‌పీ2గా చదునవుతాయి. రుజువు కావాలా? మామూలు కార్బన్-నైట్రోజన్ సింగిల్ బాండ్ పొడవు సుమారు 147 పికోమీటర్లు. ఇలాంటి ఎమైడ్‌లో సుమారు 133. సగం డబుల్ బాండ్ అయిపోయినట్టే. కాబట్టి తేలిగ్గా తిరగదు కూడా.

కాబట్టి లెక్కపెట్టాక ఒక ప్రశ్న తప్పకుండా వేసుకోండి: ఒంటరి జంట ఉన్న పరమాణువు పక్కన పై బంధం ఉందా? ఉంటే నాలుగుని గుడ్డిగా నమ్మొద్దు. అలాగని ప్రతిసారీ పూర్తిగా చదునైపోతుందనీ కాదు. ఎనిలీన్‌లో నైట్రోజన్ పూర్తి పిరమిడూ కాదు, పూర్తి చదునూ కాదు, మధ్యలో ఉంటుంది. నన్నడిగితే ఆకారం కొలిచి తెలుసుకున్నది, హైబ్రిడైజేషన్ దానికి మనం చెప్పుకున్న వివరణ. రెండూ పడకపోతే మారాల్సింది వివరణే.

"ఒక్క మార్కు ప్రశ్నకి ఇంత అవసరమా?" అంటారేమో. ఈ ఎమైడ్ బంధమే మన జుట్టులో, కండలో, తినే గుడ్డులో, అన్ని ప్రోటీన్లలోనూ అమైనో ఆమ్లాలను కలిపేది. 1950లో కేంబ్రిడ్జ్‌లో బ్రాగ్, కెండ్రూ, పెరూట్జ్ ప్రోటీన్ గొలుసు ఎలా చుట్టుకోవచ్చో రకరకాల నమూనాలతో పేపర్ వేశారు. వాళ్లేమీ చిన్నవాళ్లు కాదు, బ్రాగ్‌కి 1915లోనే నోబెల్ వచ్చింది. కానీ ఎమైడ్ చదునుగానే ఉండాలని పట్టుబట్టలేదు. పైగా ఒక్కో చుట్టులో అమైనో ఆమ్లాలు పూర్ణసంఖ్యలోనే ఉంటాయనుకున్నారు. అసలు నిర్మాణం దొరకలేదు.

అటు లైనస్ పాలింగ్. 1931లో హైబ్రిడైజేషన్ గురించి రాసింది ఈయనే. 1948లో ఆక్స్‌ఫర్డ్‌లో జలుబు చేసి మంచం మీద ఉన్నప్పుడు కాగితం మీద గొలుసు గీసి, ఎమైడ్‌ని చదునుగా ఉంచి, మిగతా చోట్ల మాత్రమే మడుస్తూ పోయాడు. ఆల్ఫా హెలిక్స్ వచ్చింది! 1951లో కోరీ, బ్రాన్సన్‌లతో కలిసి ప్రచురించాడు. ఒక్కో చుట్టుకి సుమారు 3.6 అమైనో ఆమ్లాలు. పూర్ణసంఖ్య కానే కాదు.

ఇప్పుడు మీ వంతు. కాఫీలో ఉండే కెఫీన్ గీయండి. అందులో నాలుగు నైట్రోజన్లు. షార్ట్‌కట్‌తో మూడింటికి నాలుగు వస్తుంది, ఒకదానికి మూడు వస్తుంది. పక్కింటి ప్రశ్న వేశాక ఎన్ని ఎస్‌పీ2 అవుతాయి? ఆ మూడొచ్చిన నైట్రోజన్ ఒంటరి జంట పీ ఆర్బిటాల్‌లో ఉందా, రింగ్ తలంలోనే ఉందా? గీసి చూడండి, వచ్చే వీడియోలో అక్కణ్నుంచే మొదలుపెడదాం.