జంబో బ్యాగులు ఎవరి దగ్గర చేయించాలి?

శుక్రవారం కదా, సగం మంది మాలియాలో తిరుగుతూ వింటుంటారు, సగం మంది రూములో పప్పు తాలింపు పెడుతూ వింటుంటారు. పోయిన వారం ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టినాడు. "అన్నా, నన్ను స్టోరు నుంచి పర్చేజ్‌కు మార్చినారు. ప్లాస్టిక్ జంబో బ్యాగులు ఆర్డర్ ఇచ్చి చేయించాలంట. ముదీర్ ముగ్గురు సప్లయర్ల కొటేషన్లు నా ముందు పడేసినాడు. ఎట్లా చూడాలి?" అని. ఇది నాకు తెలిసిన పనే కాబట్టి ఈరోజు దీని గురించే మాట్లాడతా.

నాది రైల్వే కోడూరు దగ్గర. మా పక్కనే మంగంపేట ముగ్గురాయి గనులు. బెరైటీస్ అంటారే, అదే. ఆయిల్ బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే బురదకు బరువు కోసం ఈ పొడి కలుపుతారు. చిన్నప్పుడు లారీల్లో పోయేది చూసిన రాయే ఇక్కడ మీనా అబ్దుల్లా వైపు యార్డులో పొడి రూపంలో నాకు ఎదురైంది. ఆ పొడి ఉండేది జంబో బ్యాగుల్లో.

బ్యాగు ఎందుకు ప్రత్యేకంగా చేయించుకోవాలో ఈ ముగ్గురాయే చెబుతుంది. ఇది నీళ్ల కంటే నాలుగు రెట్లకు పైగా బరువు. ఒక ఘనపు మీటరు పట్టే బ్యాగులో ప్లాస్టిక్ గింజలు పోస్తే అర టన్ను కంటే కొంచెం ఎక్కువ తూగుతాయి. అదే బ్యాగు నిండా ముగ్గురాయి పొడి పోస్తే రెండు టన్నుల దగ్గరికి వస్తుంది. నింపేవాడు బరువు చూడడు, అంచు దాకా వచ్చిందా లేదా అనే చూస్తాడు. అందుకని సప్లయర్‌కు ఫోన్ చేసి "టన్నున్నర బ్యాగు రేటెంత?" అని అడగడం తప్పు. ఏ సరుకు, వదులుగా పోస్తే ఎంత తూగుతుంది, పొడా గింజా, ఎండలో ఎన్ని నెలలు ఉంటుంది, ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తుతారా క్రేన్‌తోనా, ఇవి మీరు చెప్పాలి. మీరు చెప్పకపోయినా తనే అడిగే సప్లయర్ ఉంటాడు చూడండి, వాడి కొటేషన్‌ను పైన పెట్టండి. ఏమీ అడక్కుండా పది నిమిషాల్లో రేటు పంపేవాడు గోదాములో ఉన్నది అంటగడుతున్నాడు.

ఇంక నాకు తగిలిన దెబ్బ చెబుతా. కొన్నేళ్ల కింద ఒక సప్లయర్ దగ్గర రెండు వేల బ్యాగులు తీసుకున్నాం. పేరు చెప్పను. మిగతావాళ్ల కంటే బ్యాగుకు 150 ఫిల్స్ తక్కువ. మొత్తం మీద 300 దీనార్లు మిగిలినాయని ఆఫీసులో అందరికీ సంతోషం. "యూవీ ట్రీటెడ్" అని మెయిల్లో రాసినాడు, మేము నమ్మినాం. ఏప్రిల్లో నింపి యార్డులో పెట్టినాం. జులైలో ఒకరోజు తెల్లవారుజామున ఎత్తుతుంటే ఒక లూపు తెగింది, వెంటనే రెండోది. టన్నున్నర కింద పడింది. శ్రీకాకుళం తమ్ముడు ఒకడు తాడు పట్టుకుని అప్పుడే రెండడుగులు పక్కకు జరిగినాడు. దుమ్ము తగ్గేదాకా వాడు కనపడలేదు. ఆ కాసేపు నేను ఏమేమి అనుకున్నానో మైకు ముందు చెప్పలేను. వాడు బాగానే ఉన్నాడు. ఇప్పటికీ బ్యాగు లేస్తుంటే గోడ వరకు పోయి నిలబడతాడు.

అందరూ వేడికి కరిగిందన్నారు. కాదు. 2016లో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది, మన దగ్గర వేడికి కొదవ లేదు, నిజమే. కానీ ఈ బ్యాగుల గుడ్డ పాలీప్రొపిలీన్, అది కరగాలంటే 160 డిగ్రీలు కావాలి. దాన్ని తినేది ఎండలోని అతినీల కిరణం. దారం లోపల పెళుసవుతుంది, పైకి చూస్తే కొత్తదిలాగే ఉంటుంది. గోటితో గీకి చూడండి. పిండిలాగా, పొట్టులాగా రాలిందంటే ఆ బ్యాగు దగ్గరికి మనిషిని పంపొద్దు.

అందుకే ఇప్పుడు నేను మాట వినను, కాగితం అడుగుతా. జంబో బ్యాగులకు ఐఎస్ఓ 21898 అని ఒక ప్రమాణం ఉంది. అందులో ఒక్కసారి వాడే బ్యాగుకు 5:1. అంటే మీద 1500 కేజీలు అని రాసి ఉంటే పరీక్షలో 7500 కేజీల దాకా ఓర్చుకోవాలి. అట్లని ఏడు టన్నులు పొయ్యమని కాదప్పా! అది కుదుపులకు, గుంతలకు, మన తొందరకు వదిలిన జాగా. తిరిగి తిరిగి వాడాలంటే 6:1 బ్యాగు వేరే ఉంటుంది. ఇక్కడ చాలా యార్డుల్లో 5:1 బ్యాగునే ఖాళీ చేసి మళ్లీ నింపుతారు. రిపోర్టులో ల్యాబు పేరు, తేదీ, మీరు కొనే బ్యాగు కొలతలే ఉన్నాయా చూడండి. వేరే సైజు బ్యాగు రిపోర్టు పంపేవాళ్లు ఉన్నారు. యూవీ పరీక్ష కాగితం గుడ్డకే కాదు, లూపులకు కూడా అడగండి. మాకు తెగింది లూపే. కరిగే బ్యాగు కోసం కాదు, ఎండకు పెళుసయ్యే బ్యాగు కోసం అడుగుతున్నామని గట్టిగా చెప్పండి.

కాగితం తర్వాత నమూనా. పది బ్యాగులు తెప్పించి మన సరుకే నింపి, చుట్టూ తాడు కట్టి, మనుషుల్ని దూరం పెట్టి, ఒక రాత్రంతా వేలాడదీయాలి. కుట్టు దగ్గర పొడి కారుతోందా చూడాలి. కారితే కుట్టులో మెత్తటి తాడు వేసి కుట్టమనాలి, లేదా లోపల పాలిథిన్ సంచి పెట్టించాలి. ఇంకొక సంగతి, నమూనాను ముదీర్ టేబుల్ మీద పెట్టడం కాదు, నింపేవాళ్లకు, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అన్నకు చూపించండి. మా దగ్గర ఒక పంజాబీ అన్న చూసిన వెంటనే చెప్పినాడు, లూపులు పొట్టిగా ఉన్నాయి, ఫోర్కు దూర్చాలంటే ఒకడు కిందకు వచ్చి చేత్తో ఎత్తి పట్టుకోవాలని. ఆఫీసులో ఎవరికీ తట్టలేదు ఆ సంగతి.

ఇక్కడి సప్లయరా, ఇండియా నుంచా అంటే, రెండూ తెప్పించినాను. షువైబాలో 1997 నుంచి పాలిథిన్ తయారవుతోంది, ముడిసరుకుకు ఇక్కడ లోటు లేదు. ఇక్కడివాడైతే కారేసుకుని పోయి గొడవ పెట్టుకోవచ్చు. ఇండియా నుంచి రేటు బాగా వస్తుంది, కానీ కంటైనర్ విప్పినాక బాగాలేదంటే వెనక్కి పంపడం జరిగే పని కాదు. అందుకని ఒప్పుకున్న నమూనా మీద ఇద్దరూ సంతకాలు పెట్టి మన దగ్గర ఒకటి, వాళ్ల దగ్గర ఒకటి దాచాలి. డబ్బులో కొంత, సరుకు చూసినాకే ఇస్తామని ముందే రాయించుకోవాలి. ప్రతి బ్యాగు మీద లాటు నంబరు, తయారైన నెల కుట్టించమనాలి. మాకు అప్పుడు తెగిన బ్యాగు ఏ లాటుదో తెలియక మిగిలిన రెండు వందలూ ఒక్కొక్కటే ఖాళీ చేసినాం.

300 దీనార్ల సంగతి అడుగుతారేమో. ఆ ఖాళీ చేసే కూలికే అయిపోయినాయి.

తమ్ముడూ, నీ మూడు కొటేషన్లూ ఫొటో తీసి పంపు, రేట్లు మూసేసి పంపినా ఫర్వాలేదు. నేనిప్పుడు పెట్టేస్తా. కొత్త నమూనా ఒకటి నిన్న సాయంత్రం నుంచి యార్డులో వేలాడుతోంది, పోయి దాని కుట్టు చూడాలి.