జమ్ము

చెరువు అంచున, పంటకాలువ పక్కన మనిషి ఎత్తును మించి నిలువుగా లేచి, కొసన గోధుమరంగు కండెలు మోసే మొక్కే జమ్ము. జమ్ముగడ్డి అని పిలుస్తాం గానీ ఇది గడ్డి కుటుంబానిది కాదు. దీని కుటుంబం వేరు, టైఫేసీ.

ఒక ఆకును అడ్డంగా కోసి చూడండి. లోపల వరసగా చిన్నచిన్న గాలి గదులు కనిపిస్తాయి. వేళ్లు ఉండేది గాలి ఆడని బురదలో కదా, వాటికి ప్రాణవాయువు చేరేది ఈ దారినే. ఆకు అంత తేలిగ్గా ఉండబట్టే చాపలకూ, పాకల కప్పుకూ వాడుకున్నారు. ఇక కండె సంగతి. కింది లావు భాగమంతా ఆడపూలు, పైన సన్నగా ఉండేవి మగపూలు. ముదిరిన కండెను నలిపితే దూదిలా విచ్చుకుంటుంది. ఒక్కదాని నుంచే లక్షకు పైగా గింజలు గాలికి లేస్తాయి!

బురదలో దుంపవేళ్లతోనూ పాకుతుంది కాబట్టి కాలువలకు అడ్డుపడుతుంది, నిజమే. అక్కడ తీయాల్సిందే. చెరువులో మాత్రం నీటికోళ్లు గూళ్లు కట్టుకునేది ఈ పొదల్లోనే. చెరువు బాగుచేసేటప్పుడు జమ్మును మొత్తం పీకించకండి, ఒక అంచునైనా వదలండి.