మోగని గంట, ఏడ్చిన పసికందు



ప్లాటినం జూబిలీ సభలో ఒక అమెరికన్ చలనచిత్రాన్ని గురించి ప్రసంగమేమిటని పెద్దలలో కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చు. ఇటువంటి వేదికలపై సాధారణంగా వ్యవస్థాపకుల త్యాగనిరతిని గురించి, మాతృభాషా మహత్త్వాన్ని గురించి ముచ్చటించుకోవడం ఆనవాయితీ. ఆ ముచ్చట్లకు లోటు రాదు. కాని 1971లో విడుదలైన 'ఆండ్రోమెడా స్ట్రెయిన్' అనే చిత్రంలో సామాన్యశాస్త్ర పాఠాలు కొన్నీ, బడిలో పనిచేసే ప్రతివారూ తెలిసికొనదగిన విషయం ఒకటీ ఉన్నాయి. ఆ విషయాన్ని చిత్రం చూచినవారిలో చాలమంది గమనించరు. అది కథానాయకుని విషయం కాదు. నడివయస్సు దాటిన ఒక మహిళా శాస్త్రవేత్త దాచుకొన్న రహస్యం.

చిత్రానికి ఆధారం మైకేల్ క్రైటన్ 1969లో ప్రకటించిన నవల. నవల వెలువడేనాటికి ఆయన హార్వర్డ్‌లో వైద్యవిద్య ముగిస్తున్న యువకుడు. దర్శకుడు రాబర్ట్ వైజ్. 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' వంటి సంగీత ప్రధాన చిత్రం తీసిన చేతితోనే, రాగమన్నది వినబడని ఈ చిత్రాన్ని కూడ తీశారు. గిల్ మెలే దీనికి సమకూర్చినది యంత్రధ్వనుల సంగీతం. పేరుపొందిన తారలు లేరు. ఇంచుమించు రెండుంబావు గంటల సేపు, ముఖాల కంటె పరికరాలే ఎక్కువగా కనబడతాయి. పిల్లలకు మొదట కొంత విసుగు కలుగవచ్చు; పెద్దలు దగ్గరుండి చూపించవలసిన చిత్రమిది.

ఆ కాలాన్ని ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకోవాలి. 1969 జూలైలో మానవుడు చంద్రునిపై కాలు మోపాడు. తిరిగివచ్చిన ముగ్గురు వ్యోమగాములనూ పూలదండలతో గాక మూసిన గదులతో ఆహ్వానించారు. చంద్రుని నుండి తెలియని సూక్ష్మజీవి ఏదైనా వెంట వచ్చిందేమోనన్న శంకతో 21 రోజుల నిర్బంధం విధించారు. ఇంత జాగ్రత్త తీసికొన్నా, సముద్రంలో దిగిన నౌక తలుపు తెరిచి రక్షణ దుస్తులు లోపలికి అందించవలసి వచ్చింది. ఆ తెరిచిన క్షణంలో లోపలి గాలి బయటికి రానే వచ్చింది. చంద్రునిపై ప్రాణి ఏదీ లేదు గనుక ఏమీ జరుగలేదు. 1971లో అపోలో 15 నాటికి ఆ నిర్బంధ నియమాన్నే ఎత్తివేశారు. లోపలి గాలిని పూర్తిగా లోపలనే ఉంచడం ఎంత కష్టమో క్రైటన్ కథ సరిగ్గా ఆ రోజులలోనే ఊహించి చెప్పింది.

కథ ఇది. న్యూమెక్సికో రాష్ట్రపు ఎడారిలో పీడ్‌మాంట్ అనే చిన్న ఊరు. ఆ ఊరి సమీపంలో ఒక కృత్రిమ ఉపగ్రహం పడుతుంది. ఊరి వైద్యుడు కుతూహలం కొద్దీ దానిని తెరుస్తాడు. ఊరంతా ఎక్కడివారక్కడ పడిపోతారు. రక్షణ కవచాలు ధరించి ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ వీధులలో నడిచే దృశ్యంలో మాటలు లేవు, ఆర్భాటం లేదు. ఒక శవం మణికట్టు కోసి చూస్తారు. నెత్తురు చుక్క రాదు. ఎఱ్ఱని ఇసుకవంటి పొడి రాలుతుంది. దేహంలోని రక్తం యావత్తూ గడ్డకట్టి ఎండిపోయింది. భయానకం కలిగించడానికి ఇంతకు మించి ఏమీ చూపలేదు దర్శకుడు. ఆ సంయమనం ఈనాటి చిత్రాలలో కానరాదు.

ఆ నిశ్శబ్దంలో ఒక ఏడుపు వినబడుతుంది. ఒక పసికందు బ్రతికి ఉన్నది. మరికొంతసేపటికి ఒక ముదుసలి తాగుబోతు తడబడుతూ ఎదురవుతాడు. ఊరిలో అందరూ పోయి, ఏమీ ఎరుగని బిడ్డా, ఒంట్లో బాగులేని వృద్ధుడూ మాత్రమే ఎందుకు మిగిలారన్నది కథలోని అసలు చిక్కుముడి.

నెవాడా ఎడారిలో, వ్యవసాయ పరిశోధన కేంద్రమని పైకి బోర్డు కట్టిన భవనం క్రింద, భూగర్భంలో ఐదంతస్తుల ప్రయోగశాల ఉన్నది. స్టోన్, డటన్, హాల్ అనే ముగ్గురు పురుషులూ, రూత్ లెవిట్ అనే స్త్రీ కలిసి అందులోకి దిగుతారు. నవలలో లెవిట్ పురుషుడే. చిత్రానికి వచ్చేసరికి స్త్రీ పాత్ర అయినది. కేట్ రీడ్ అనే నటి ఆ పాత్రను ఎంతో సహజంగా పోషించింది. అలంకారం లేదు, ఒయ్యారం లేదు. కళ్ళద్దాలు, ముక్కుసూటి మాట, నోటికి వచ్చిన వ్యంగ్యం. ప్రతి పాఠశాలలోనూ అటువంటి సైన్సు టీచరు ఒకరు ఉంటారు.

అంతస్తు అంతస్తుకూ రంగు మారుతుంది, శుద్ధీకరణ పెరుగుతుంది. ధరించిన బట్టలు కాల్చివేస్తారు. స్నానాలు, సూదిమందులు, చివరకు తీవ్రమైన కాంతితో చర్మపు పైపొరను కాల్చివేయడం. అడుగంతస్తు చేరడానికి పదహారు గంటలు పడుతుంది. వ్యాధిక్రిమి తప్పించుకొనిపోయే ప్రమాదం వస్తే ప్రయోగశాలను సమూలంగా నాశనం చేయడానికి అడుగున అణ్వస్త్రం కూడ అమర్చారు. పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థలో 2012లో నాల్గవ భద్రతాస్థాయి ప్రయోగశాల ప్రారంభమైనది. అక్కడ అణ్వస్త్రాలు లేవు గాని, లోపలి గాలి బయటికి పోకుండ వాయుపీడనాన్ని తగ్గించి ఉంచడం, రక్షణ దుస్తులతో స్నానమాడి బయటికి రావడం వంటివి ఉన్నాయి. 2020 నాటి మహమ్మారి తరువాత ఇవి ఇంటింటా తెలిసిన విషయాలే.

ఇక పిల్లలు శ్రద్ధగా వినవలసిన శాస్త్రవిషయం. మానవరక్తం స్వల్పంగా క్షారగుణం కలిగి ఉంటుంది. దాని పీహెచ్ విలువ 7.35 నుండి 7.45 వరకు. ఈ కొద్దిపాటి ఎడం దాటితే దేహానికి ముప్పు. ఎడతెగక ఏడ్చే బిడ్డ వేగంగా ఊపిరి పీల్చి వదులుతుంది. ఆ ఊపిరితో కార్బన్ డయాక్సైడ్ అధికంగా బయటికి పోయి, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. వృద్ధుడు కడుపులో పుండుకు ఆస్పిరిన్ మింగుతూ, వంట మంటకు వాడే మిథైల్ ఆల్కహాలు మిశ్రమాన్ని తాగుతూ వచ్చినవాడు. అతని రక్తంలో ఆమ్లగుణం పెరిగింది. ఆండ్రోమెడా అనే ఆ జీవి మామూలు రక్తపు పీహెచ్‌లో మాత్రమే పెరుగగలదు. ఒకరిలో అటు, మరొకరిలో ఇటు జరిగినందున ఇద్దరూ మిగిలారు. లిట్మస్ కాగితం పట్టిన ప్రతి విద్యార్థికీ ఇది అర్థం అవుతుంది. (మిథైల్ ఆల్కహాలు ఎవరినీ రక్షించదు సుమా. కల్తీసారా తాగి కండ్లు పోగొట్టుకొన్నవారిని, ప్రాణాలు కోల్పోయినవారిని గురించి పత్రికలలో చదువుతూనే ఉన్నాం. అది కథకుని కల్పన.)

చనిపోయినవారి దేహాలలో వెదికినంత కాలం శాస్త్రజ్ఞులకు ఏదీ దొరకలేదు. బ్రతికినవారి ప్రక్కన కూర్చున్న శస్త్రవైద్యుడు హాల్‌కు చివరకు దారి తోచింది. అయితే సమాధానం చేతికి అందేసరికి ప్రశ్నే మారిపోయినది. ఆండ్రోమెడా రూపాంతరం చెంది మనుషులకు హాని చేయడం మానివేసి, రబ్బరు వంటి పదార్థాలను తినివేయడం మొదలుపెట్టింది. ద్వారాలకు అతికిన రబ్బరు పట్టీలు కరిగిపోయాయి. అణ్వస్త్రం తనంతట తాను లెక్క మొదలుపెట్టింది. ఆ జీవికి శక్తియే ఆహారం. అణువిస్ఫోటనం దానికి విందుభోజనం వంటిది. దానిని చంపడానికి పెట్టిన ఆయుధమే దానిని పోషించేది. హాల్ ఎలా పైకి ప్రాకి ఆ లెక్కను ఆపినాడన్నది చూచి తెలిసికోదగినదే గాని చెప్పుకోదగినది కాదు.

ఈ మహాయంత్రాంగంలో వచ్చిన లోపాలు రెండు. మొదటిది వింటే నవ్వు వస్తుంది. బయటి నుండి వార్తలు అందించే టెలిప్రింటరుకు ఒక గంట ఉన్నది. వార్త రాగానే అది మోగాలి. ఒక చిన్న కాగితపు ముక్క చీలి గంటకూ సుత్తికీ నడుమ ఇరుక్కున్నది. వార్తలు వచ్చాయి, గంట మోగలేదు. పీడ్‌మాంట్‌పై బాంబు వేయడాన్ని అధ్యక్షుడు వాయిదా వేశాడన్న కబురు శాస్త్రజ్ఞులకు చేరనేలేదు. బాంబు పడిందనుకొనే వారు పని సాగించారు. ఐదంతస్తుల శుద్ధీకరణ దాటి వచ్చినవారిని గోరంత కాగితం ఓడించింది. బడిగంటను నమ్ముకొని బ్రతికే ఉపాధ్యాయులకు ఈ దృశ్యం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

రెండవ లోపం నవ్వు తెప్పించదు. లెవిట్‌కు మూర్ఛరోగం ఉన్నది. ఆమె దానిని ఎవరికీ చెప్పలేదు. చెబితే పేరున్న ప్రయోగశాల ఏదీ తనకు ఉద్యోగం ఇవ్వదని ఆమె భయం. ఏ మాధ్యమంలో ఆ జీవి పెరుగుతుందో, ఏ మాధ్యమంలో పెరుగదో యంత్రం వరుసగా తెరపై చూపుతున్నప్పుడు, 'పెరుగుదల లేదు' అని ఎఱ్ఱని అక్షరాలు మిణుకుమిణుకుమంటాయి. ఆ మిణుకుకు ఆమె చూపు నిలిచిపోతుంది. కండ్లు తెరిచే ఉంటాయి, మనిషి అక్కడ ఉండదు. తేరుకొని, ఏమీ జరుగనట్లు తరువాతి ఫలితానికి వెళ్ళిపోతుంది. అందరూ వెదుకుతున్న ఆధారం ఆ జారిపోయిన క్షణాలలోనే ఉండినది. తరువాత ప్రమాద సంకేతపు దీపాలు వెలిగి ఆరుతుండగా ఆమె నేలకూలి కొట్టుకొనేవరకు ఎవరికీ అనుమానం రాలేదు.

దాచినందుకు ఆమెను నిందించడం సులభం. చెప్పుకొనే వీలు లేకుండ చేసినవారిని గురించి చిత్రం ఒకటి రెండు మాటలలో తేల్చివేసింది; అక్కడ మరికొంత నిలిచి ఉంటే బాగుండేది. భారతదేశంలో 1955 నాటి హిందూ వివాహ చట్టాన్ని 1976లో సవరించినప్పుడు మూర్ఛ వ్యాధిగ్రస్తులను వివాహానికి అనర్హులుగా పేర్కొన్న మాట అందులో చేరింది. 1999 సవరణతో గాని ఆ మాట తొలగలేదు. చట్టంలో మాట పోయినంత సులభంగా ఇళ్ళలో భయం పోదు. పుట్టినూళ్ళకు దూరంగా స్థిరపడి, సంబంధాల కోసం మళ్ళీ తెలుగునాటి బంధువుల మాటపైనే ఆధారపడే కుటుంబాలలో ఆడపిల్ల మూర్ఛ సంగతి వైద్యునికి కూడ ఆలస్యంగా తెలియడం కొత్త కాదు. బడిలో చేర్చుకొనే దరఖాస్తులో ఆరోగ్యపు గడిలో 'ఏమీ లేదు' అని వ్రాయించే తల్లి అబద్ధమాడాలని వ్రాయించదు.

లెవిట్ మొదటి మూర్ఛ ఎటువంటిదో ఉపాధ్యాయులు మరొక్కసారి గుర్తుకు తెచ్చుకోవాలి. పడిపోవడం లేదు, నురగ లేదు. కొన్ని సెకనులపాటు శూన్యంలోకి చూపు, తరువాత యథాప్రకారం. తరగతిలో ఇటువంటి మూర్ఛ వచ్చే పిల్లలు ఉంటారు. డిక్టేషనులో నడిమి వాక్యం ఒకటి ఎగిరిపోతుంది. పలుపర్యాయాలు ఇలా జరిగితే 'పరధ్యానం' అని ప్రగతి పత్రంలో ఎఱ్ఱసిరాతో వ్రాయడం, బల్ల ఎక్కించి నిలబెట్టడం జరుగుతుంది. ఆ బిడ్డకు కావలసినది వైద్యుడు. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛవ్యాధి ఉన్నదనీ, సరియైన చికిత్స అందితే వారిలో 70 శాతం వరకు మూర్ఛలు లేకుండ జీవించగలరనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మిణుకుదీపాలకు మూర్ఛ రావడం వారిలో కొద్దిమందికే గనుక, చిత్రం చూచి ప్రతి దీపానికీ జడియనక్కరలేదు.

పడిపోయి కొట్టుకొనే మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం, పండ్లసందున చెంచా దూర్చడం పనికిరాదు. నోటిలో ఏదీ పెట్టరాదు, గట్టిగా అదిమి పట్టరాదు. తల క్రింద మెత్తగా ఉంచి, కొట్టుకోవడం తగ్గగానే ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టాలి. గడియారం చూడాలి, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసికొనిపోవాలి. చుట్టూ మూగిన పిల్లలను పంపివేయాలి. తేరుకొన్న బిడ్డకు మొదట కనబడేది నలభై ముఖాలు కాకూడదు.

చిత్రంలో లెవిట్‌ను స్నేహితులు కోపించలేదు, వెలివేయలేదు. చివరకు ఆండ్రోమెడాను వర్షంతో సముద్రంలో కలిపివేసే ఏర్పాటు జరుగుతుంది. అంతరిక్షం నుండి మళ్ళీ ఇటువంటిదే వస్తే ఏమి చేయాలని ప్రభుత్వ విచారణ సభలో ప్రశ్న వస్తుంది. జవాబు ఎవరూ చెప్పరు. కంప్యూటరు తెరపై 601 అనే అంకె మిణుకుమంటూ చిత్రం ముగుస్తుంది. భరించలేనంత సమాచారం ఒక్కసారిగా వచ్చి పడిందని చెప్పడానికి ఆ యంత్రం వాడే సంకేతమది.