చెక్కకు దవడ ఆనించి వినండి

ముందు వరుసలో గిటార్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పిల్లలకు ఆశీస్సులు. నాలుగు కార్డులతో సినిమా పాట వాయించడం గురించి నిర్వాహకులు చెప్పమన్నారు. కార్డులు, కుడిచేతి లయ, కేపో, ఈ మూడూ చెబుతానని ఒప్పుకున్నాను.

మొదట కార్డులు. ఒకటో శృతిలో సి మేజర్ అంటే స గ ప. ఎఫ్ అంటే మ ద స. జి అంటే ప ని రి. ఈ మూడింట్లోనే శంకరాభరణం రాగం ఏడు స్వరాలూ వచ్చేశాయి. వీటికి ఎ మైనర్, అంటే ద స గ, తోడైతే ఎన్నో పాటలు ఒదిగిపోతాయి. బీటిల్స్ వారి 1970 నాటి ‘లెట్ ఇట్ బి’ చాలావరకు ఈ నాలుగింటి మీదే నడుస్తుంది. మన పాట మోహన రాగంలో ఉంటే సి, ఎ మైనర్ పట్టండి, అన్యస్వరం ఒక్కటీ పలకదు. ఎఫ్ పడితే మధ్యమం, జి పడితే నిషాదం వచ్చి చేరతాయి. అక్కడ అవి నప్పుతాయో లేదో చెవి చెప్పాలి.

చెవి మాట వచ్చింది కనుక మా మాస్టారిని తలుచుకోవాలి. గుంతకల్లు రైల్వే కాలనీలో ఉండేవారు, ఆంగ్లో ఇండియన్, ఇంజన్ డ్రైవర్. 1974లో ఆయన దగ్గర చేరాను. పదిహేను రోజులు ఒక్క కార్డు నేర్పలేదు, శృతి చేయడమే పని. ఆరో తీగను ఐదో మెట్టు దగ్గర నొక్కితే ఐదో తీగ పలకాలి. అలా ఒకదాని నుంచి ఒకటి. మూడో తీగకు మాత్రం నాలుగో మెట్టు, అక్కడ రెండో తీగ దొరుకుతుంది. బయట ఇంజన్ల రొద, నాకేమీ వినపడేది కాదు. ఆయన నా తల వంచి, దవడను గిటార్ చెక్క అంచుకు ఆనించారు. “ఇప్పుడు విను అప్పా.”

విన్నాను. రెండు తీగలూ కలవనప్పుడు ఎముకలో ఒక ఊగు. ఐదో తీగ సెకనుకు 110 సార్లు కంపిస్తూ, పక్కది 112 సార్లు కంపిస్తే ఆ ఊగు సెకనుకు రెండుసార్లు వస్తుంది. మరను కొద్దికొద్దిగా తిప్పుతుంటే అది నెమ్మదించి, సాగి, ఆగిపోయింది. ఆ నిశ్చలత నా దవడలో ఇవాళ్టికీ ఉంది.

ఇప్పుడు గిటార్ తలకు ట్యూనర్ తగిలిస్తున్నారు. పచ్చ దీపం వెలిగితే చాలు, వినడం మానేస్తున్నారు. కార్డు ఎక్కడ మార్చాలో కూడా ఫోనులో చూసి మారుస్తున్నారు. పాడేవాళ్ల ఊపిరి వింటే మలుపు ముందే తెలుస్తుంది కదా! ఈ హాల్లో ఫ్యాన్లు ఇంత రొద చేస్తున్నా దవడ ఆనిస్తే వినపడుతుంది, చూడండి.

టైమైందని చీటీ వచ్చింది. లయకు ఒక్క మాట: ఎడమచేయి తడబడినా కుడిచేయి ఆగకూడదు. తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే కేపోను రెండో మెట్టు మీద పెడితే అదే సి పట్టు రెండో శృతిలో పలుకుతుంది, గాయకుల గొంతును బట్టి జరపండి.

చివర్లో కూర్చున్న బాబూ, నీ రెండో తీగ కాస్త దిగింది. ప్రార్థన గీతం నుంచీ నా మనసు దాని మీదే ఉంది. మర నేను తిప్పను. ఇలా రా, దవడ ఆనించు. మేమంతా నిశ్శబ్దంగా ఉంటాం.