ఆటల వేళలు – మజ్జిగ ముద్ద
(వాట్‌గంజ్ తెలుగు ఉద్యోగుల కుటుంబసమ్మేళనమునందు చేసిన ప్రసంగము)



నాకు ఒసగబడిన విషయము చూచుటకు చిన్నది. పిల్లలు ఆటలకు పోవు దినములలో ఇంట రాత్రిభోజనము సులువుగా అమర్చుకొనుట యెట్లు? సంగీతము, సాహిత్యము నడుమ ఈ వంటయింటి మాట యేల యని కొందరు అనుకొనవచ్చును. కాని ఈ ప్రశ్న వెనుక మరియొక ప్రశ్న దాగియున్నది. మన పిల్లలు తెలుగు మాటలాడునది ఎప్పుడు? బడిలో ఇంగ్లీషు, వీధిలో హిందీ, ఆటస్థలములో వంగభాష. ఇక మిగిలినది రాత్రి కంచము ముందు కూర్చుండు అరగంట. ఒకరు ఏడింటికి, ఒకరు ఎనిమిదింటికి, ఒకరు తొమ్మిదింటికి ఎవరికి వారే తిని లేచిన యింట ఆ అరగంట లేదు. దానితోపాటు తెలుగును లేదు. కావున నేను చెప్పబోవునది వంటను గురించియే యైనను, కాపాడదలచినది ఆ అరగంటను.

మనము కూడియున్న ఈ పేట సంగతి ముందు చెప్పుకొందము. 18వ శతాబ్దమున ఇచ్చట ఓడలరేవు కట్టబూనిన కర్నల్ హెన్రీ వాట్సన్ పేరున వాట్‌గంజ్ ఏర్పడినది. ఒక వంక 1892లో తెరచిన ఖిదిర్‌పూర్ రేవు. మరియొక వంక టాలీ నాలా. ఆ నాలా దాటి హేస్టింగ్సు మీదుగా పోయినచో మైదానము, వంగీయుల మాటలో గడేర్ మాఠ్. ఇంత పెద్ద ఆటస్థలము ఇంత చేరువ గల పేటలు ఈ నగరమున ఎన్నియో లేవు. బూట్లు మెడకు తగిలించుకొని సాయంకాలము పిల్లలు అటు పరుగెత్తుట సహజమే.

ఆ మైదానము ఆటకే గాక చరిత్రకును నెలవు. 1911 జులై 29న మోహన్ బగాన్ జట్టు, ఒక్కరు తప్ప తక్కినవారందరు వట్టి కాళ్లతోనే ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ పటాలమును ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచినది ఈ నగరముననే. మన దక్కను బిడ్డలును ఇచ్చట కీర్తి గడించిరి. సికింద్రాబాదునుండి వచ్చిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్ పక్షమున ఆడెను. 1956, 1960 ఒలింపిక్సులలోను, 1962లో జకార్తాలో స్వర్ణపతకము గెలిచిన జట్టులోను ఉండెను. హైదరాబాదు మహమ్మద్ హబీబ్ 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్సులో, పెలే ఆడిన న్యూయార్కు కాస్మాస్ జట్టుపై మోహన్ బగాన్ చేసిన రెండు గోలులలో ఒకటి కొట్టెను. ఈ యిరువురు 2023లో గతించిరి.

ఉద్యోగుల యిండ్లలో ఆటలు పొసగవనువారికి ఒక్క ఉదాహరణము చాలును. పి.వి. సింధు తండ్రి రమణగారు వాలీబాల్ క్రీడాకారులు, రైల్వే ఉద్యోగి. తల్లి విజయగారును వాలీబాల్ ఆడినవారే. 2016లో రియోలో రజతము, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో కాంస్యము తెచ్చిన బిడ్డ అట్టి యింట పెరిగినది. అందరి పిల్లలు సింధులు కానక్కరలేదు. కాని ఆటకు పోవు బిడ్డ కాలము వృథా చేయుచున్నదని మాత్రము అనుకొనరాదు.

ఇక చిక్కు ఎచ్చట వచ్చుచున్నది? మొదటిది సూర్యునితో. డిసెంబరులో కలకత్తాలో సాయంకాలము ఐదు గంటలకు మునుపే ప్రొద్దు గుంకును. జూనులో ఆరున్నరకు కొంచెము ముందు. శీతకాలమున హైదరాబాదుకంటె ఇచ్చట ముప్పావు గంటకు మించి ముందుగానే చీకటి పడును. మనమో, భోజనవేళను మాత్రము ఊరినుండి తెచ్చుకొంటిమి. ఎనిమిదిన్నర, తొమ్మిది కానిదే కంచము పెట్టము. క్రికెట్టు ఆడి ఐదింటికి బయలుదేరి ఆరింటికి ఇల్లు చేరిన కుఱ్ఱవానికి ఆ మూడు గంటలు గడచుట యెట్లు? కనబడిన బిస్కత్తులు, వేపుడు తినుబండారములు తిని కడుపు నింపుకొనును. తొమ్మిదింటికి అమ్మ పిలిచినచో ఆకలి లేదనును. అమ్మకు కోపము, వానికి విసుగు.

రెండవది వానతో. ఫుట్‌బాలు లీగు వానకాలపు ఆట. వాన వచ్చి ఆట ఆగునో, బురదలోనే సాగునో ముందుగా తెలియదు. మూడవది దారితో. రేవులోనికి ఓడ వచ్చు వేళ వంతెన తెరచినచో బస్సులు, లారీలు, రిక్షాలు అన్నియు నిలచిపోవును. నాలుగవది మన కచేరీతో. తల్లిదండ్రు లిరువురును ఉద్యోగులైన యింట పొయ్యి వెలుగునప్పటికే ఏడు దాటును. ఈ నాలుగింటిలో ఒక్కటియు మన చేతిలో లేదు. చేతిలో ఉన్నది వంటయే.

ముందు ఆకలి తీరు తెలిసికొనవలెను. కడుపునిండ తిన్న అన్నము అరుగుటకు మూడు నాలుగు గంటలు పట్టును. కావున ఆటకు ముందు పెద్ద భోజనము కూడదు. గంట, గంటన్నర ముందు ఒక అరటిపండు, లేదా ఇక్కడివారు ముడి అని పిలుచు బొరుగులు, లేదా చిన్న గిన్నెడు పెరుగన్నము చాలును. నానిన శనగలు, బెల్లము ఇచ్చటి వ్యాయామశాలల పాత అలవాటు; అదియు మంచిదే. ఈ నగరపు ఉక్కలో చెమటతో నీరు, ఉప్పు రెండును పోవును గనుక ఇల్లు చేరగనే ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఈయవలెను. ఆట ముగిసిన గంట, రెండు గంటలలోపల అన్నమువంటి పిండిపదార్థము, పప్పు, గ్రుడ్డు, చేప, పెరుగువంటి మాంసకృత్తులు గల ఆహారము కలిసి కడుపులో పడవలెను. అలసిన కండరములు కోలుకొనుట దానివలననే. డబ్బాలలో వచ్చు పొడుల అక్కర ఆరోగ్యముగా ఉన్న పిల్లలకు లేదు. పప్పన్నము, పెరుగు ఆ పని చేయును.

అట్లయిన ఏ వంట ఆటదినమునకు తగినది? మూడు పరీక్షలు పెట్టుకొనవలెను. అందరు కూర్చుండకముందే అది ముగియునా? గంటసేపు ఆగినను చెడకుండునా? పది నిమిషములలో వేడి అగునా? ఈ మూడింటికిని అవునని చెప్పు వంటయే ఆనాటి వంట.

పెసరట్టును చూడుడు. ఉదయము పెసలు నానబోసి పోయినచో సాయంకాలము రుబ్బుకొనవచ్చును. పులియనక్కర లేదు గనుక, ఇడ్లీపిండి పొంగని కలకత్తా జనవరిలో అది మనకు పెద్ద ఆదరువు. అయినను ఆటదినమున అది మొదటి పరీక్షలోనే తప్పును. అందరు తినుచుండగా ఒకరు పెనము ముందు నిలువవలెను. ఆ ఒకరు ఎవరో చెప్పనక్కర లేదు. పెసరట్టు సెలవుదినమునకు ఉంచుకొందము.

పప్పుచారు మూడు పరీక్షలును నెగ్గును. ఉదయమే చేసి, చల్లార్చి ఫ్రిజ్జులో ఉంచి, సాయంకాలము మరిగించి పోపు పెట్టినచో సరి. కుక్కరులో అన్నము ఉడుకునప్పుడే గ్రుడ్లు వేరొక గిన్నెలో ఉడుకును. చేప తినువారికి పులుసు మరింత అనుకూలము. రాత్రి వండి చల్లార్చి ఫ్రిజ్జులో దాచిన చేపలపులుసు మరునాటికి రుచి హెచ్చునని మన ఆడువారందరును ఎరుగుదురు. కొల్లేటి ప్రాంతపు చెరువుల బొచ్చె, రోహు మంచుగడ్డలలో లారీలెక్కి హౌరా బజారునకు వచ్చుచుండగా మనకేమి కొదువ? వాన దినమున ఒకే గిన్నెలో ముగియు పులగము మేలు. వానకు ఖిచుడి వండుట వంగీయుల ఆచారము. మన పులగము, వారి ఖిచుడి అక్కచెల్లెండ్రు. ఆదివారమునాడు ఒక సీసాడు కందిపొడి కొట్టి పెట్టుకొన్నచో, ఏమియు తోచని నాడు వేడియన్నము, నెయ్యి, కందిపొడి, ఊరగాయ మానము కాపాడును.

ఒక హెచ్చరిక. వండిన అన్నమును వేసవిలోను, వానకాలములోను గంటలకొలది బయట ఉంచరాదు. ఉడికించినను చావని సూక్ష్మజీవుల బీజములు అందులో ఉండవచ్చును. వెచ్చదనమున అవి పెరిగి వాంతులు, విరేచనములు కలిగించును. రెండు గంటలలోపల తినవలెను, లేదా చల్లార్చి ఫ్రిజ్జులో పెట్టవలెను.

వారమునకు ఒకసారి, ఆదివారము రాత్రి, వంటయింటి గోడనున్న క్యాలెండరు ముందు ఇంటిల్లిపాదియు నిలువవలెను. ఎవరికి ఏనాడు అభ్యాసము, ఏనాడు పందెము, ఎవరు ఎన్ని గంటలకు ఇల్లు చేరుదురు? పిల్లలే తమ చేతితో తెలుగు అక్షరములలో వ్రాయవలెను. దాని ప్రక్కనే ఆనాటి వంట పేరు, ఆ వంట వేడిచేయువారి పేరు వ్రాయవలెను. రెండవ పేరు ప్రతిదినము ఒక్కరిదే కారాదు. ముందుగా ఇల్లు చేరినవారు కుక్కరు పెట్టవలెను. అది తండ్రియైనను సరే. కచేరీలో పెద్ద ఫైళ్లు నడుపు చేతులకు కుక్కరు మూత పెట్టుట కష్టము కాదు. పన్నెండేండ్ల బిడ్డ కంచములు అమర్చగలదు, నీళ్లు పెట్టగలదు, మజ్జిగ చిలుకగలదు. ఆటలో జట్టు నేర్చిన బిడ్డకు ఇల్లును ఒక జట్టేయని చెప్పనక్కర లేదు, చూపిన చాలును.

ఇన్ని చేసినను అందరు ఒకే వేళకు ఇల్లు చేరుట అన్ని దినములలో సాగదు. ఆకలిగొన్న పిల్లవానిని అందరికొరకు కూర్చుండబెట్టుట న్యాయము కాదు. దీనికి పరిష్కారము మన భోజనక్రమములోనే ఉన్నదని నా మనవి. పప్పు, కూర, పులుసు లేదా చారు, చివరకు మజ్జిగ: ఇది మన వరుస. ముందు వరుసలు ఎవరి ఆకలికి తగినట్లు వారు ముగింపవచ్చును. ఆరింటికి వచ్చినవాడు ఆరున్నరకే పప్పన్నము తినవచ్చును. కాని చివరి మజ్జిగ ముద్ద మాత్రము ఎవరును ఒంటరిగా తినరాదు. ఎనిమిదిన్నరయో, తొమ్మిదియో ఒక వేళ నిర్ణయించుకొని ఇంటనున్నవారందరు ఆ ముద్దకు కూడవలెను. ముందు తిన్నవానికి అది చిన్న ముద్ద. అప్పుడే వచ్చినవానికి భోజనపు ముగింపు. వండినవారికి తీరికగా కూర్చుండు చోటు. దానికై వేరే వంట లేదు, వేరే వ్యయము లేదు.

ఆ వేళ ఫోనులు మరియొక గదిలో ఉండవలెను. ఆనాటి ఆట కథ పిల్లలు తెలుగులో చెప్పవలెను. గోలును గోలనియే యననిండు. వికెట్టును వికెట్టనియే యననిండు. భాష పేర్లలో కంటె క్రియలలో ఎక్కువగా నిలుచును. తన్నితిని, తప్పించుకొంటిని, జారిపడితిని, అడ్డుకొంటిని, ఎగిరి పట్టుకొంటిని అని బిడ్డ చెప్పుచున్నంతకాలము తెలుగు బ్రతికియున్నట్లే. మాట దొరకక తడబడినచో నవ్వక అందింపవలెను. ఇంట నాయనమ్మగాని అమ్మమ్మగాని ఉన్నచో చెడుగుడు, బిళ్ళంగోడు, కోతికొమ్మచ్చి ముచ్చట్లు ఆమె చెప్పును. ఓడివచ్చిన నాడు మాత్రము తప్పులెంచరాదు. ఆ రాత్రి మజ్జిగతోపాటు ఒక ఆవకాయబద్ద వేసి ఊరకుండుట ఉత్తమము.

హోటలు భోజనము ఫోనులో పిలిచిన గుమ్మములోనికి వచ్చుచున్నదిగదా యనువారు ఉన్నారు. ఎప్పుడైన ఒకనాడు తెప్పించుకొన్న దోషము లేదు. కాని అందులో ఎవరికి కావలసినది వారికి వేరు వేరు పొట్లములలో వచ్చును. పొట్లము వేరైనచో మూల వేరు, మూల వేరైనచో మాట వేరు. తెప్పించుకొన్న నాడైనను మజ్జిగ ముద్దను మాత్రము ఇంటిదే ఉంచుకొనుడు.

మన ఉద్యోగములు బదిలీల ఉద్యోగములు. నేడు వాట్‌గంజ్, రేపు ఖరగ్‌పురము, ఎల్లుండి మరియొక రాష్ట్రము. క్వార్టర్సు మారును, బడి మారును, ఆటస్థలము మారును. మన వెంట తీసికొనిపోగలిగినవి కొన్నియే. వానిలో ఈ అలవాటు ఒకటి. వచ్చే ఆదివారము క్యాలెండరు ముందు నిలుచునప్పుడు, ఆటల వేళలన్నియు వ్రాసినపిమ్మట, అడుగున ఒక్క వేళ అందరికిని కలిపి వ్రాయుడు: మజ్జిగ ముద్ద వేళ. వెనుక వరుసలలోని పిల్లలారా, పెద్దలు మరచినచో ఆ మాట వ్రాయు భారము మీది.