నిరుటి మంచు



అల్లసాని పెద్దనగారి మనుచరిత్రమును ఎరిగినవారికి ప్రవరుని కథ వేరుగ చెప్పనక్కరలేదు. అరుణాస్పదపురమున నిత్యకర్మలతో కాలము గడుపుచుండిన ఆ గృహస్థు సిద్ధుడొసగిన పాదలేపమును పూసికొని హిమవత్పర్వతమునకు పోయెను. చూడవలసిన వింతలన్నియు చూచెను. ఇంతలో మధ్యాహ్నమాయెను. మరల ఇంటికి రాబోవగా, కాళ్లకు పూసికొన్న పసరు ఎండకు కరగిన మంచునీటిలో కలిసిపోయినదని తెలిసినది. ఆ తరువాతి వరూధినీ వృత్తాంతమును రసికులు మరల మరల చదువుకొందురు గాని, ఆ మొదటి చిక్కును అంతగ పట్టించుకొనరు. ఎండ నడినెత్తికి వచ్చువరకు మంచుకొండపై నిలువరాదన్న సంగతి అందున్నది. ఈ సంగతిని నేడు బాగుగ ఎరిగినవారు, చలికాలము గడచిన పిమ్మట మంచును వెదకుకొనుచు కొండలెక్కు స్కీ ఆటగాండ్రు. వారును పాదముల క్రింది పలకలకు మైనము పూసికొనియే పోవుదురు. వారికిని మధ్యాహ్నమే గండము.

స్కీ అనగా మనిషి నిడివికి దగ్గరగ ఉండు సన్నని పలక. దాని ముందుకొన పైకి వంగియుండును. రెండు కాళ్లకు రెండు పలకలు బిగించి, చేతులలో రెండు కర్రలు పట్టి, మంచు కప్పిన వాలుమీదుగ జారి దిగుటయే ఈ క్రీడ. ఇచ్చట మంచు అన్నది మార్గశిరమాసపు ఉదయములందు వరికంకులపై నిలుచు మంచు కాదు. దూదివలె ఆకాశమునుండి రాలి పొరమీద పొరగ పేరుకొను హిమము. ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతములందు ఈ ఆట ఇంచుమించు డిసెంబరులో మొదలై ఏప్రిలుతో ముగియును. ఆపైని మంచు కరగి ఏరులలో పడును, పచ్చిక మొలచును, పశువులు కొండకెక్కును. అయినను కొందరికి ఆట తీరదు. పందెములకు సిద్ధపడు జట్లవారు ఆరునెలలు అభ్యాసము మాని కూర్చుండలేరు. వేసవిలో మంచెక్కడ దొరకునన్న ప్రశ్న ఇట్లు పుట్టినది.

ధనము గలవారికి దీని సమాధానము సులభము. భూమధ్యరేఖను దాటి దక్షిణమునకు పోయినచో ఋతువులు తలక్రిందులగును. చిలీ దేశమున ఆండీస్ పర్వతములలోని పోర్టియోలో 1966 ఆగస్టు నెలలో ప్రపంచ ఆల్పైన్ స్కీ పోటీలు జరిగినవి. అది వారికి నడిచలికాలము. ఇట్లు చేయుట మంచును వెదకుట కాదు, చలికాలమును వెంబడించి పోవుట. ఇందు చెప్పుకొనదగిన విద్య ఏమియు లేదు.

విద్య యున్నది రెండవ మార్గమున. ఉన్నచోటనే ఉండి, చలికాలము పోవుచు ఎక్కడ ఏమి విడిచిపోయినదో కనిపెట్టుట. ఇందులకు మొదట కావలసినది ఎత్తు. వేయి మీటర్లు పైకెక్కినచో వేడిమి సుమారు 6.5 డిగ్రీలు తగ్గును. అయితే ఎత్తొక్కటియే చాలదు. ఎండతగులని వాలు కావలెను. ఉత్తరార్ధగోళమున అది ఉత్తరదిశకు తిరిగిన వాలు. అన్నిటికంటె ముఖ్యమైనది గాలి. గాలి ఒకచోటి మంచును ఊడ్చుకొనిపోయి కొండవెన్నుకు ఆవలివైపున కుప్పవోయును. కళ్లములో తూర్పారబట్టునపుడు గింజ ఒకచో, పొట్టు ఒకచో పడుట ఎరిగిన రైతునకు ఇది వింతగ తోచదు.

అమెరికాలోని న్యూ హాంప్‌షైరు రాష్ట్రమున వాషింగ్టను పర్వతమున్నది. ఎత్తు 1,917 మీటర్లు మాత్రమే. అయినను ఆ శిఖరమున 1934 ఏప్రిలు 12వ తేదీన గంటకు 372 కిలోమీటర్ల వేగముతో గాలి వీచినట్లు కొలిచిరి. అంతటి గాలి శిఖరముమీద మంచును నిలువనిచ్చునా? అదంతయు ఎగిరివచ్చి ప్రక్కనున్న టకర్‌మన్ రవీను అను మూకుడువంటి లోయలో పడును. చుట్టుపట్ల ఊళ్లలో పూలుపూయు మే నెలలో సైతము అక్కడ జారుటకు మంచుండును. పైకి లాగు యంత్రములేమియు లేవు. పలకలు వీపున కట్టుకొని నడచి ఎక్కవలెను.

జపానులో యమగత ప్రాంతపు గస్సన్ పర్వతము కథ ఇంకను చిత్రము. అదియు 1,984 మీటర్ల ఎత్తుదే. సైబీరియానుండి వచ్చు చలిగాలి జపాను సముద్రమును దాటునపుడు తేమను పీల్చుకొని, కొండకు తగిలి, దాని నంతటిని హిమముగ క్రుమ్మరించును. చలికాలమున ఆ కొండపై మంచెంత పడునన్న, దారి మూసికొనిపోయి స్కీ ఆడువారు అచ్చటికి చేరజాలరు. కావున తక్కిన చోటులన్నియు మూయబడు ఏప్రిలు నెలలో గస్సన్ తెరవబడి జూలై వరకు నడచును. మంచు మితిమీరినందున చలికాలమంతయు మూతబడు స్కీ స్థలము లోకమున అరుదు. అది పుణ్యక్షేత్రము కూడ. కవి బషో 1689లో ఆ కొండ నెక్కెను. వేసవిలో యాత్రికులు తెల్లని బట్టలు ధరించి ఎక్కుచుండగా, అదే కొండపైని తెల్లని మచ్చలపై కుర్రవారు జారుట చూడనగును.

మన హిమాలయములందును ఇట్టి సంగతి లేకపోలేదు. మనాలీకి పైనున్న రోహ్‌తంగ్ కనుమ 3,978 మీటర్ల ఎత్తున ఉన్నది. మే, జూన్ నెలలలో ఇచ్చటి ఎండలకు తాళలేక పోయిన తెలుగు యాత్రికులు అచ్చట రోడ్డుప్రక్కన మిగిలిన మంచుమీద అద్దెపలకలు కట్టుకొని నాలుగడుగులు జారి, పడి, నవ్వుకొని తిరిగివత్తురు.

స్థలము తెలిసినంతమాత్రమున సరిపోదు, వేళ తెలియవలెను. చలికాలము కడపట మంచు పగలు కరగుచు రాత్రి గడ్డకట్టుచు నుండును. ఇట్లు పలుమారులు జరిగినమీదట దూదివంటి రూపుపోయి గింజకట్టును. ఇంగ్లీషువారు దీనిని మొక్కజొన్న మంచందురు. రాత్రి ఆకాశము నిర్మలముగ నున్నచో పైపొర రాయివలె బిగియును. తెల్లవారుజామున దానిపై జారబోయినచో పలక పట్టుదొరకదు. ఎండ సోకినపిదప పైని రెండు మూడు అంగుళములు మాత్రము మెత్తబడి, క్రిందిది గట్టిగనే యుండు సమయమొకటి వచ్చును. ఆ గంటయో, రెండు గంటలో అమృతఘడియలు. తూర్పువాలున ఆ వేళ ముందు వచ్చును, పడమటివాలున వెనుక వచ్చును. ఎరిగినవాడు సూర్యునివెంబడి వాలునుండి వాలునకు మారుచుండును. అది దాటినచో మంచు అంబలివలె అగును. కాళ్లు దిగబడును. అంతకంటె ఘోరము, నీరెక్కిన మంచు వాలుమీద నిలువక చరియలుగ విరిగిపడును. మేఘములు కమ్మిన రాత్రి మంచు గట్టిపడదు గనుక మరునాడు అసలే కొండ నెక్కకుండుట మేలని అనుభవజ్ఞుల మాట.

ఇంతవరకు చెప్పినది ఒక్క చలికాలపు శేషము. జూలై దాటిన పిమ్మటకూడ జారవలెనన్నచో హిమానీనదముల కడకే పోవలెను. వేసవి గడచినను కరగక మిగిలిన మంచును జర్మనుభాష మాటాడు ఆల్ప్స్ ప్రజలు ఫిర్న్ అందురు. ఆ మాటకు నిరుటిదని అర్థము. నిరుటి మంచుపై ఈ ఏటి మంచు, దానిపై మరుసటేటిది పడి, బరువునకు అణగి, గాలి పోయి, నీలిగడ్డయై మెల్లగ క్రిందికి ప్రాకును. అదియే హిమానీనదము. దీనిని పరిశీలించు శాస్త్రజ్ఞుల పద్ధతి గ్రామపు లెక్కలు ఎరిగినవారికి ముచ్చట గొల్పును. మన ఫసలీ జూలై 1వ తేదీన మొదలగునట్లు, వారి హిమసంవత్సరము అక్టోబరు 1వ తేదీన మొదలగును. చలికాలమున పడినది జమ. వేసవిలో కరగినది ఖర్చు. గడ్డలో గడలు పాతి, ఏడాది కడపట ఎంతమేర బయటపడినదో కొలిచి, నిల్వ తేల్చుదురు. జమ మించినచో నది ముందుకు పెరుగును. ఖర్చు మించినచో వెనుకకు తగ్గును. వేసవి స్కీ ఆటగాడు జారునది ఈ ఏటి రాబడిమీద కాదు, తాతముత్తాతలనాటి నిల్వమీద.

ఇటలీలోని స్టెల్వియో కనుమ 2,750 మీటర్లకు పైబడినది. చలికాలమున దారి మూతబడును గనుక అచ్చటి స్కీ స్థలము వేసవిలోనే నడచును. ఆస్ట్రియాలోని హింటర్‌టుక్స్ హిమానీనదము ఏడాది పొడుగున తెరచియుండునని పేరొందినది. స్విట్జర్లాండులో జెర్మాట్ పైని హిమానీనదముననైతే 3,883 మీటర్ల ఎత్తువరకు తీగబండ్లు పోవును. అంతటి ఎత్తునకూడ 2022 జూలై చివర మంచు చాలక వేసవి స్కీని నిలిపివేసిరి. ఆ ఏడు చలికాలమున మంచు తక్కువపడెను; దానిపై మార్చినెలలో సహారా ఎడారి ధూళి వచ్చి పడినది. మాసిన బట్ట ఎండను పీల్చునట్లు మాసిన మంచు వేడిని పీల్చి త్వరగ కరగును. స్విట్జర్లాండు హిమానీనదములు 2022లో తమ ఘనపరిమాణమున నూటికి 6 వంతులు, 2023లో మరి 4 వంతులు పోగొట్టుకొన్నవి. 1960 మొదలు 1990 వరకు ముప్పదియేండ్లలో పోయినంత మంచు ఈ రెండేండ్లలో పోయినది.

ఉన్నదానిని కాపాడుకొనుటకు మనుష్యులు పడు పాట్లు అన్నియిన్ని కావు. కొన్నిచోట్ల వేసవిలో మంచుపై తెల్లని గుడ్డలు కప్పుదురు. రోన్ హిమానీనదముకడ మంచుగుహకు ఇట్లే కప్పియుంచిరి. అమెరికాలో హుడ్ పర్వతముపై పామర్ హిమక్షేత్రమున వేసవి ఉదయములందు మంచుమీద ఉప్పు చల్లుదురు. ఉప్పు కరగునపుడు చుట్టుపట్ల వేడిని లాగుకొనుటచే మంచు కొంతసేపు గట్టిపడును. ఐస్‌క్రీము చేయువారు ఐసులో ఉప్పు వేయుట చూచినవారికి ఇందు మర్మము తెలియును. దావోస్ పట్టణమున చలికాలపు మంచును కుప్పవోసి దానిపై 40 సెంటీమీటర్ల మందమున రంపపుపొట్టు కప్పుదురు. మన ఊళ్లలో ఐసుగడ్డను పొట్టులో దాచి అమ్మిన పద్ధతియే. కుప్పలో ఇంచుమించు ముప్పాతిక భాగము వేసవిని దాటి మిగులును. అక్టోబరులో పొట్టు తొలగించి, ఆ మంచును బాటగ పరచి, దానిపై ఆటలు మొదలిడుదురు. ఇది బాగుగ ఆలోచించిన ఉపాయమే. కాని కొండ స్వయముగ చేసిన పనిని బండ్లతోను పారలతోను చేయవలసివచ్చెను గదా!

స్కాట్లండులో హిమానీనదములు లేవు. అయినను బ్రేరియాక్ అను కొండ కొఱ్ఱులో స్ఫింక్స్ అను చిన్న మంచుమచ్చ ఏటేట మిగులుచుండెను. ఇష్టముతో దానిని కనిపెట్టుకొనియుండువారు ప్రతి శరదృతువునందు పోయి కొలుచుకొని వత్తురు. 20వ శతాబ్దమున అది పూర్తిగ కరగినది 1933, 1959, 1996 సంవత్సరములందు మాత్రమే. ఈ శతాబ్దమున 2022 ముగియునప్పటికే 2003, 2006, 2017, 2018, 2021, 2022లలో ఆరుసార్లు కరగెను. వ్యాఖ్యానము అక్కరలేని లెక్క అది.

కడపట చకల్తాయ సంగతి. దక్షిణ అమెరికాలో బొలీవియా దేశపు లా పాజ్ నగరమునకు సమీపముననే 5,400 మీటర్లకు పైబడిన శిఖరమది. అచ్చట 1939లో మోటారుకారు యంత్రముతో త్రాడును త్రిప్పి మనుష్యులను పైకి లాగు ఏర్పాటు చేసిరి. లోకమున అన్నిటికంటె ఎత్తైన స్కీ స్థలముగ దానికి పేరు వచ్చెను. ఆ ప్రాంతమున చలికాలమున ఎముకలు కొఱుకు చలియేగాని మంచు పడదు. వానకాలమైన వేసవిలోనే మంచు పడును. కనుక నవంబరు మొదలు మార్చి వరకు, వారి వేసవిలోనే, లా పాజ్ వాసులు ఆదివారములందు కొండకు పోయి ఆడుచుండిరి. అంత ఎత్తున ఊపిరియాడక నాలుగడుగులకు ఒకసారి నిలువవలసివచ్చెడిది. దాపుననే, 5,200 మీటర్ల ఎత్తున, విశ్వకిరణముల ప్రయోగశాల యున్నది. పయాను అను పరమాణుకణముయొక్క జాడను 1947లో చిత్రఫలకములపై పట్టిన పరీక్షలలో కొన్ని ఆ కొండపై జరిగినవి.

చకల్తాయ హిమానీనదము వేలయేండ్లనాటిది. 1990ల తరువాత శాస్త్రజ్ఞులు దాని జమాఖర్చులు వ్రాసి, ప్రతియేట ఖర్చే మించుచున్నదని చూచి, 2015 వరకు మాత్రమే నిలుచునని తేల్చిరి. లెక్క తప్పినది. తప్పినది మంచివైపునకు కాదు. గడ్డ సన్నగిల్లినకొలది చుట్టునున్న నల్లని రాయి బయటపడి, ఎండకు కాగి, మిగిలినదానిని మరింత త్వరగ కరగించెను. అసలులో కోత మొదలైనచో వడ్డీ తగ్గుట, వడ్డీ తగ్గినకొలది కోత పెరుగుట ఋణగ్రస్తుల ఇండ్లలో చూచినదే. 2009లో కడపటి గడ్డయు పోయెను. త్రాడు నిలిచిపోయెను. ఆటగాండ్రకై కట్టిన సత్రము మాత్రము రాళ్లమధ్య నిలిచియున్నది. పూర్వము ఆడువారి బండ్లతో నిండు దారిలో ఇప్పుడు కొండ పోయిన తీరు చూడవచ్చువారి బండ్లు పోవుచున్నవి.

అయినను ఏదేని గాలివాన కొత్తమంచును తెచ్చిపడవేసిన మరునాడు పలకలు భుజమున వేసికొని కాలినడకన ఎక్కువారు లేకపోలేదు. రాళ్లను తప్పించుకొనుచు రెండు మూడుమారులు జారి, ఎండ ముదరకమునుపే దిగివత్తురు.